పన్నెండో బొమ్మకు బంతిపూల దండ

పోయిన వారం అరుణజ్యోతిని సాలమ్మ ఇంటి ముందు, చంకలో పాత చీరలో చుట్టిన బొమ్మతో నిలబెట్టి వచ్చాం. ఆదివారం. ఆరాధన ముగిసి గంట కూడా కాలేదు. చర్చి వెనుక వాడలో ఏ ఇంటి ముందు నుంచి నడిచినా అల్లం వెల్లుల్లి వేగుతున్న వాసన.

కథలోకి ఇవాళే అడుగుపెట్టిన వారికి నాలుగు మాటలు చెప్పాలి. అరుణజ్యోతి నారాయణఖేడ్ బడిలో డ్రాయింగ్ టీచరు. ఆమె తమ్ముడు నెహెమ్యా సైన్యంలో చేరి నాలుగేళ్ల కిందట సరిహద్దులో చనిపోయాడు. ఏడాది పాటు కుంచె ముట్టని జ్యోతి ఒకరోజు ఎందుకో నీటిరంగులు తీసి తమ్ముడి ముఖం వేసింది. ఆ బొమ్మను హెడ్‌మిస్ట్రెస్ స్వరూపరాణి చూసింది. "ఒక్క మీ తమ్మునిదేనా జ్యోతీ? కంగ్టి దిక్కు, మనూర్ దిక్కు, నాగల్‌గిద్ద దిక్కు నుంచి పోయినోళ్లు ఇంకా ఉన్నరు గదా. అందరివీ వెయ్యి. బడి గోడకు పెడదాం" అంది. అలా పదకొండు బొమ్మలు అయ్యాయి. గోడకు పన్నెండు మేకులు కొట్టారు. వచ్చే శుక్రవారం ఊరందరి ముందు తెర తీయాలి. పన్నెండో మేకు సాలమ్మ కొడుకు తిమోతిది.

తిమోతి తన ఇరవై నాలుగో ఏట, మంచుకొండల్లో కాపలా కాస్తుండగా మంచు విరిగిపడి పోయాడు. ఇప్పటికి ఇరవై రెండేళ్లు. ఆ మరుసటి వానాకాలం సాలమ్మ ఇంటి కప్పు కూలి ట్రంకుపెట్టెలోకి నీళ్లు చేరాయి. ఫొటోలన్నీ ఒకదానికొకటి అతుక్కుని ముద్దయిపోయాయి. పింఛను కాగితం మీద ఒక చిన్న ఫొటో మిగిలింది గానీ, ఏ గుమస్తా కొట్టాడో ఏమో, గుండ్రటి ముద్ర సరిగ్గా ముఖం మీదే పడింది. కొడుకు చెవి ఒకటి, భుజం ఒకటి మాత్రం ఆ తల్లికి మిగిలాయి.

"కండ్లు మూసుకున్నా ఇప్పుడు చెవే కనబడ్తది బిడ్డా. మొఖం జారిపోతున్నది. నేను పొయ్యేలోపల ఒక్కసారి చూస్తే చాలు" అని ఆమె జ్యోతితో మొదటిరోజే అంది.

ఆ మాట విన్నాక జ్యోతి రెండు నెలలు తిరిగింది. చివరికి, మూతపడిన పాత స్టూడియో వాళ్లు ఇచ్చిన అట్టపెట్టెలో ఒక ఫొటో దొరికింది. ఒంటి మీద యూనిఫాం, తల మీద టోపీ, దాని కింది నుంచి పొంగిన ఒత్తయిన జుట్టు, ఛాతీ మీద 'తిమోతి' అని పేరు పలక. పైగా ఆ కుర్రవాడు పళ్లన్నీ కనబడేలా నవ్వుతున్నాడు. పదకొండు మందిలో ఫొటోకు నవ్వినవారు ఒక్కరూ లేరు. నీటిరంగుల్లో తెలుపు వేయరు, ఆ చోట కాగితాన్నే ముట్టకుండా వదిలేస్తారు. ఆ నవ్వు కోసం జ్యోతి ఎంత జాగ్రత్తగా కాగితం వదిలిందో ఆమెకే తెలుసు.

అయితే ఆమెకొక పద్ధతి ఉంది. రంగు ముట్టే ముందు పెన్సిల్ గీతను ఇంటివాళ్లకు చూపిస్తుంది. ముక్కు ఇంకొంచెం సన్నం అనో, కుడి కనుబొమ మీద గాటు మరిచినవనో వాళ్లు చెబుతారు. వాళ్లు సరే అన్నాకే కుంచె తడుపుతుంది. ఒకసారి కాగితంలోకి ఇంకిన రంగు వెనక్కి రాదు మరి. సాలమ్మ దగ్గర మాత్రం ఆ పద్ధతి తప్పింది. అప్పటికి ఆమెకు కంటి ఆపరేషన్ అయి కట్టు ఉంది. కట్టు విప్పిన కంటికి మొదట కొడుకే కనబడాలని జ్యోతి ఆశ. ఛాతీ మీద పేరే ఉండగా ఇంక అనుమానం దేనికి?

స్వరూపరాణి ఆ బొమ్మను చూసి చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "పెన్సిల్ గీత చూపించినవా సాలమ్మకు?" అని అడిగింది. లేదంది జ్యోతి. మరునాడు అసెంబ్లీ అయ్యాక మళ్లీ అదే అడిగింది. అంతకుమించి ఏమీ అనలేదు.

ఇప్పుడు ఆమె కూడా స్కూటీ మీద వెంట వచ్చింది. కానీ గడప బయటే ఆగిపోయింది.

"లోపలికి రండి మేడం."

"ఈ చెప్పుల పట్టీలు విప్పుడు పెద్ద పని జ్యోతీ. ఈడికెల్లి కనబడ్తది, నువ్వు కానియ్యి."

పదకొండు ఇళ్లలోనూ ఇవే చెప్పులు విప్పి లోపలికి వచ్చి, చాపమీద కూర్చుని చాయ్ తాగిన మనిషి. జ్యోతికి ఆ క్షణాన అంత ఆలోచించే తీరిక లేదు.

లోపల సాలమ్మ కంటి కట్టు విప్పి, మంచం మీద నల్లద్దాలు పెట్టుకుని, ఇస్త్రీ చీరలో పెండ్లివారి కోసం చూస్తున్నట్టు కూర్చుంది. ఎదురింటి ఇంద్రమ్మ అప్పటికే వచ్చి ఉంది. ఆమె భర్త నగేష్ మనూర్ దారిలో షేర్ ఆటో నడుపుతాడు. ఇంద్రమ్మ చేతిలో పొద్దున్నే గుచ్చిన బంతిపూల దండ.

"మేము ఫొటోలకు దండలు వెయ్యం గదనే" అంది సాలమ్మ.

"మీరు వెయ్యకుండ్రి అత్తా, ఎవరొద్దన్నరు? నేనేస్త. మేము వేస్తం గదా."

"ఏసుకో తియ్. వాడేమన్న వద్దంటడా."

జ్యోతి చీర మడతలు విప్పి, అద్దం బిగించిన బొమ్మను బల్లమీద గోడకు ఆనించింది. ముందు చూసింది ఇంద్రమ్మే.

"అబ్బ! ఎంత సక్కగున్నడు పిలగాడు!" ఆమె నోరు తెరిచేసింది. "గా నవ్వు చూడు, గా జుట్టు చూడు. నేను ఈ వాడకు కోడలై రాకముందే పాయెనాయె, నేను చూడనే లేదు. అత్తా, ఇసొంటోడు బతికుంటే ఎవలికి దక్కునో! మనకు రాసిపెట్టలె. మనకు రాసిపెట్టినోడు అగో, ఆటో కింద పండుకున్నడు."

అని కొంగుతో కళ్లు ఒత్తుకుని, బొమ్మకు దండ వేసి, రెండు చేతులూ జోడించింది.

సాలమ్మ నల్లద్దాలు తీసింది. లేచి బల్ల దగ్గరకు నడిచింది. ముఖం అద్దానికి జానెడు దూరంలో పెట్టి చూసింది. కొంచెం వెనక్కి జరిగి చూసింది. మళ్లీ దగ్గరకు వచ్చింది. ఆమె భుజాలు కదలడం మొదలయ్యాయి.

 పదకొండు ఇళ్లలో జ్యోతి ఈ క్షణాన్ని చూసింది. ఇలాంటప్పుడు మాట్లాడకూడదని, మంచినీళ్లు కూడా వెంటనే ఇవ్వకూడదని, పక్కన నిలబడితే చాలని నేర్చుకుంది. అలాగే నిలబడింది. భుజాలు ఇంకా ఇంకా ఊగుతున్నాయి. సాలమ్మ బల్ల అంచు పట్టుకుంది. ఆమె గొంతులోంచి వచ్చిన చప్పుడు మాత్రం ఏడుపులా లేదు.

సాలమ్మ నవ్వుతోంది.

"బిడ్డా..." అంది.  మళ్లీ నవ్వింది. "బిడ్డా, ఇది నా కొడుకు గాదు."

"అమ్మా?"

"నగేష్‌గాడు బిడ్డా! మన ఆటో నగేష్! చూడవే ఇంద్రమ్మా, మంచిగ చూడు. నీ మొగునికే దండేసినవ్!"

ఇంద్రమ్మ వంగింది. నవ్వే నోరు, కింది దవడ మీద చిన్న సొట్ట, ఎడమవైపు కొంచెం పైకి లేచిన కనుబొమ, ఒక్కొక్కటే చూసింది. ఆ కనుబొమ కింద వండి వడ్డించి ఇరవై ఏళ్లయింది ఆమెకు.

"అయ్యో! నా పుస్తె సల్లగుండ!"

ఒక్క గుంజుతో దండ లాగేసింది. ఎక్కడ పెట్టాలో తోచలేదు. కింద వేస్తే పాపం, పొయ్యిలో వేస్తే ఇంకా పాపం. అటూ ఇటూ తిరిగి, చివరికి తన మెడలోనే వేసుకుని గుమ్మం దాకా పరుగెత్తింది.

"ఓ నగేష్! ఇగో నిన్నే! జల్దీ రా! నీకు దండ పడ్డది!"

ఎదురింటి ముందు ఆటో కింది నుంచి ముందు రెండు కాళ్లు, తర్వాత బొజ్జ, చివరగా నున్నటి తల బయటికి వచ్చాయి. నగేష్ చేతులకు గ్రీజుతో రోడ్డు దాటాడు. గడప దగ్గరున్న హెడ్‌మిస్ట్రెస్‌కు నమస్తే పెట్టి, లోపలికి తొంగి చూశాడు. ముందు మెడలో దండతో ఉన్న భార్యను చూశాడు. తర్వాత బొమ్మను చూశాడు. కింద జ్యోతి అందంగా రాసిన అక్షరాలు చదివాడు. వీరమరణం అన్న చోట ఆగాడు.

"నేనెప్పుడు సచ్చిన?" అన్నాడు.

సాలమ్మ మంచం మీద కూలబడి మళ్లీ నవ్వు అందుకుంది. జ్యోతికి ముందు సిగ్గుతో చెవులు కాలిపోయాయి. తర్వాత ఎక్కడినుంచి వచ్చిందో తెలియదు, తనకూ నవ్వు వచ్చేసింది. నాలుగేళ్లలో ఆమె ఇలా చేత్తో నోరు మూసుకోవలసి రావడం ఇదే మొదటిసారి.

ఇంద్రమ్మ మాత్రం నవ్వలేదు. ఆమె లెక్క వేరే ఉంది.

"గిన్ని ఎంట్రుకలు ఉండెనా నీకు? నన్ను చేసుకునేటాలకు సగం తలకాయ ఖాళీనే ఉండె. గివన్నీ ఏడ వోయినయి?"

"నీతోని పెండ్లి ఖాయమైందని ఎరుకై అవ్వే రాలినయే."

"అగో! దండ మళ్లేస్త చూడు!"

"ఆగుండ్రి మీరు" అంది సాలమ్మ కళ్లు తుడుచుకుంటూ. "అరేయ్ నగేషూ, నా కొడుకు బట్టలు నీ ఒంటి మీదికి ఎట్ల వచ్చినయ్ రా?"

నగేష్ గ్రీజు చేతులు లుంగీకి తుడుచుకుని గడప పక్కనే కింద కూర్చున్నాడు.

"గది పెద్ద కథ పెద్దమ్మా. వాడు ఆఖరుసారి లీవుల వచ్చిండు సూడు, అప్పుడు. మేము నలుగురం దోస్తులం వాని వెంటబడ్డం. అరే, ఒక్కసారి నీ డ్రెస్ ఇయ్యిరా, ఫొటో దిగుతం అని. ముందు కాదన్నడు. అది ఆటబట్ట గాదు రా అన్నడు. మేము ఇడిస్తే గదా! ఆఖరుకు మమ్మల్ని స్టూడియో కాడ లైన్ల నిలబెట్టిండు. ముందు నా వంతు. ప్యాంటు పొడుగైతే కింద మడిచిన. టోపీ పెద్దగైతే లోపల రుమాలు కుక్కిన. అది చూసి వాడు ఆగిండా? కెమెరా పక్కకు నిలబడి, పెద్ద ఆఫీసర్ లెక్క 'సావధాన్!' అని ఒర్లిండు. నేను నవ్వాపలేకపోయిన. స్టూడియో ఆయన గప్పుడే కొట్టిండు ఫొటో. అగో, గదే నవ్వు."

జ్యోతి బొమ్మవైపు చూసింది. ఆ నవ్వు కోసం ఎన్ని సాయంత్రాలు కూర్చుంది! ఆ కళ్లు కొంచెం పక్కకు, ఎవరినో చూస్తున్నట్టు ఉన్నాయని ఆమె అప్పుడే గమనించింది. అటువైపు తిమోతి నిలబడి ఉన్నాడన్నమాట. తాను వేసింది తిమోతిని చూస్తున్న ముఖం. తిమోతి మాత్రం కాగితానికి బయటే ఉండిపోయాడు.

"తప్పు నాదే అమ్మా. గీత మీకు చూపించకుండా రంగు ముట్టిన" అంది.

"తప్పేంది బిడ్డా! ఇరవై రెండేండ్ల సంది వాని పేరెత్తితే ఈ ఇంట్ల ఏడుపే. ఇయ్యాల వాని పేరు మీద కడుపు నొయ్యంగ నవ్విన." సాలమ్మ నల్లద్దాలను చేతిలోకి తీసుకుని, పెట్టుకోకుండా అలాగే తిప్పుతూ ఉండిపోయింది. చిన్నగా అంది, "మరి నా కొడుకు లేనట్టేనా?"

 ఇంద్రమ్మ దండ తీసి ఒళ్లో పెట్టుకుంది.

జ్యోతి సంచిలోంచి పుస్తకం, పెన్సిల్ తీసింది. "మీరు చెప్పండి అమ్మా. మీరు చెబుతుంటే నేను గీస్త."

"నుదురు వాళ్ల నాయినది. ఎడల్పు."

"చెవులు గూడ పెద్దగుంటుండె. సైకిల్ తొక్కితే గాలికి ఊగుతయని ఎక్కిరిస్తుంటిమి" అన్నాడు నగేష్.

"ఊగలే, ఏం ఊగలే. మంచిగనే ఉండె నా కొడుకు చెవులు. ముందు పండ్లకు సందు ఉండె. అందుకే ఫొటోకు నవ్వకపోతుండె."

"ముక్కు?"

"ముక్కు..." సాలమ్మ ఆగింది. "ముక్కు ముక్కు లెక్కనే ఉండె బిడ్డా."

జ్యోతి గీసింది, చూపించింది. కాదన్నారు. చెరిపింది. మళ్లీ గీసింది. ఈసారి నగేష్ అవునన్నాడు, సాలమ్మ కాదంది. మూడోసారి సాలమ్మ చాలాసేపు చూసి, "వీడు ఎవరో మంచి పిలగాడే" అని తిరిగి ఇచ్చేసింది. చెరిపి చెరిపి కాగితం నూగు లేచింది. శుక్రవారానికి ఐదు రోజులే ఉన్నాయి. ఐదు రోజులు కాదు, ఐదేళ్లిచ్చినా ఈ మాటలతో ముఖం రాదని జ్యోతికి తెలిసిపోయింది.

ఆమెకు ఉన్నట్టుండి ఒక ఆలోచన వచ్చింది.

"నగేష్ అన్నా, ఆ రోజు మీరంతా దిగిన్రు గదా. తిమోతి దిగలేదా?"

"దిగిండు మేడం! ఎందుకు దిగలే? నా అంగీ ఏసుకుని దిగిండు. వాని డ్రెస్ మా ఒంటి మీద తిరుగుతుండె గదా, వానికి నా అంగీ ఇచ్చిన. మా నలుగురివీ అయినంక, మీరు పొయ్యి చాయ్ తాగుండ్రి రా అని మమ్మల్ని పంపిండు. వాడు ఎనుకకెల్లి మల్ల లోపలికి వొయిండు. ఎంతసేపటికీ రాడు. మేము రెండేసి చాయ్‌లు తాగినం. బయటికొచ్చినంక ఏందిరా గింతసేపు అంటే, నవ్విండు గానీ చెప్పలే."

సాలమ్మ నిటారుగా కూర్చుంది. "గా ఫొటో ఏది మరి? ఎన్నడు చెప్పలేదేంది రా?"

"నువ్వు ఎన్నడు అడగలే పెద్దమ్మా. నీ పెట్టెలనే ఉండి తడిసిపోయిందనుకున్న. స్టూడియో పెట్టెల లేదా మేడం?"

లేదు. అందులోని ప్రతి ఫొటో జ్యోతి తిప్పి చూసింది. అయినా పెన్సిల్ కింద పెట్టబుద్ధి కాలేదు. ముఖం తెలియకపోతే పోనీ, తెలిసినదాంతో మొదలుపెట్టడం ఆమె అలవాటు. "ఏం అంగీ అది? ఏం రంగు?" అని అడిగింది.

"తెల్లది" అన్నాడు నగేష్ తడుముకోకుండా. "నాకప్పుడు ఒక్కటే మంచి అంగీ. తెల్లగ ఇస్త్రీ చేసింది."

"తెల్లది కాదు."

అందరూ గడపవైపు తిరిగారు.

స్వరూపరాణి తలుపు చెక్క పట్టుకుని నిలబడి ఉంది. బడిలో మూడొందల మంది పిల్లలను ఒక్క చూపుతో నిలబెట్టే మనిషి. ఇప్పుడు ఎవరివైపూ చూడటం లేదు.

"లేత ఆకుపచ్చ" అంది. "సన్నటి గీతలు. మెడ కాడ మీది గుండీ ఊడిపోయి ఉండె. చేతులు పొట్టిగై, మణికట్టు మీదికి ఉండె."

నగేష్ నున్నటి తలమీద చెయ్యి వేసుకున్నాడు. "అవునవును! మా చిన్నాయన ఇచ్చిన అంగీ! గా గుండీ నేను బాయి కాడ..." అంటూ ఆగిపోయాడు.  ఆ రోజు స్టూడియోలో వాళ్లు నలుగురు, తిమోతి, ఫొటో తీసినాయన. అంతే. ఇంకెవరూ లేరు.

జ్యోతికి ఒక్కొక్కటే గుర్తుకొచ్చాయి. బొమ్మ ముందు ఆ మౌనం. రెండుసార్లు అడిగిన అదే ప్రశ్న. ఈ గడప దగ్గర విప్పని చెప్పులు. పన్నెండు బొమ్మలు వేయమన్నది ఈమే. పన్నెండో పేరు చెప్పింది కూడా ఈమే. నాగల్‌గిద్ద దారిలో పెద్ద పొలాలున్న ఇంటి బిడ్డ. అప్పట్లో డిగ్రీ చదువుతూ ఉండాలి. సాలమ్మ ఆ ఇంటి కంది చేలలోనే కూలికి పోయేది.

సాలమ్మ తల కొంచెం పక్కకు వంచి, కొత్తగా చూపు వచ్చిన కంటితో గడపలోని మనిషిని చూసింది. కోపం లేదు. కంగారు లేదు.

"నీకెట్ల ఎరుక బిడ్డా?"

స్వరూపరాణి వంగింది. చెప్పుల పట్టీలు విప్పడానికి ఆమెకు ఒక్క క్షణం కూడా పట్టలేదు. గడప దాటి లోపలికి వచ్చింది. సాలమ్మ మంచం మీద కొంచెం జరిగి చోటిచ్చింది. ఇద్దరూ పక్కపక్కన కూర్చున్నారు.

"కొత్త కాయితం తియ్యి జ్యోతీ" అంది స్వరూపరాణి.  "ఆకుపచ్చ కలుపు. నీళ్లు ఎక్కువ పొయ్యి, లేతగ రావాలె."

"ఫొటో ఉన్నదా మేడం?"

ఆమె చెయ్యి ఒళ్లోని సంచి మీద ఉంది. సాలమ్మ చెయ్యి వచ్చి ఆ చేతి మీద పడింది.

"ఉన్నది" అంది స్వరూపరాణి. "కానీ దాంట్ల ఉన్నది ఆయన ఒక్కడే గాదు."